పాత అమెరికా కారుకు ప్రాణం పోయాలంటే... ముందు చూడాల్సింది ఇంజిన్ కాదు, ఆర్సీ

కోల్‌కతాలో పాత షెవ్రోలే కారు బానెట్ ఎత్తితే లోపల షెవ్రోలే ఇంజినే ఉంటుందన్న నమ్మకం లేదు. పెర్కిన్స్ డీజిల్ ఇంజిన్ ఉండొచ్చు, అంబాసిడర్‌దీ ఉండొచ్చు. పైన చూస్తే క్రోమ్ మెరుపులు, వెడల్పాటి ముక్కు, గుండ్రటి మడ్‌గార్డులు. స్టార్ట్ చేస్తే మాత్రం ఇసుక లారీ చప్పుడు.

దీనికి కారణం ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర పెరిగిపోయింది. మూడున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను పోషించడం మధ్యతరగతి ఇంటికి తలకు మించిన పనైంది. కొందరు కారును పాత ఇనుము కింద అమ్మేశారు. అమ్మడానికి మనసొప్పనివాళ్లు ఇంజిన్ తీసేసి డీజిల్‌ది వేయించుకున్నారు. ఆ మార్పు వల్లే కొన్ని కార్లు ఈ రోజుకీ మిగిలాయి.

ఇప్పుడు తాతగారి కారును ఇంటి షెడ్డులోనే బాగుచేసుకుందామని మనవడో మనవరాలో పూనుకుంటే, అదే మార్పు అడ్డం తిరుగుతోంది. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం కారు అసలు రూపంలో ఉండాలి, ఇంజిన్‌లో మార్పులు ఉండకూడదు. కారును ఒకప్పుడు కాపాడిన పనే ఇప్పుడు దాని అర్హతకు ఎసరు పెడుతోందన్నమాట.

అమెరికా కారు, కుడివైపు స్టీరింగ్

అసలు ఈ కార్లు ఇక్కడికి ఎలా వచ్చాయి? చాలావరకు నేరుగా అమెరికా నుంచి కాదు. కుడివైపు స్టీరింగ్ ఉన్న ఫోర్డ్ కార్లు కెనడా నుంచి వచ్చేవి. ఫోర్డ్ కెనడా కంపెనీయే 1926లో భారత్‌లో అనుబంధ సంస్థను పెట్టి బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో విడిభాగాలను బిగించి అమ్మింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను తయారుచేసింది. కలకత్తా పక్కనే ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ స్టూడ్‌బేకర్లను బిగించింది. తర్వాత అంబాసిడర్ పుట్టి, 2014 మేలో ఆగిపోయింది కూడా ఆ ఫ్యాక్టరీలోనే.

దేశంలో విడిభాగాలు తయారుచేసే ప్రణాళిక లేని కంపెనీలు తప్పుకోవాలని 1953లో ప్రభుత్వం తేల్చిచెప్పింది. దాంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. అరవైలనాటి ఇంపాలాల్లాంటివి తర్వాత విడిగా దిగుమతైనవే. రాయబార కార్యాలయాలు వాడి వదిలేసిన కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడయ్యేవి.

ఈ కార్లు ఎంతగా కళ్లలో పడేవో చెప్పడానికి కలకత్తాలోనే ఓ ఉదాహరణ ఉంది. 1941 జనవరిలో సుభాష్ చంద్రబోస్ ఎల్గిన్ రోడ్డు ఇంటి నుంచి పోలీసుల కన్నుగప్పి బయటపడ్డప్పుడు, బోస్ కుటుంబానికి స్టూడ్‌బేకర్ ప్రెసిడెంట్ కూడా ఉంది. కానీ దాన్ని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారని పక్కనబెట్టి, జర్మనీ కారు వాండరర్‌ను ఎంచుకున్నారు. అన్న కొడుకు శిశిర్ బోస్ నడిపాడు. ఆ వాండరర్‌ను ఆడి కంపెనీ బాగుచేయగా, 2017 జనవరిలో అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించారు. తయారుచేసిన కంపెనీ వారసులే ముందుకొచ్చి చేసిన పని అది. స్టూడ్‌బేకర్, డిసోటో, ప్లిమత్ కార్లకు ఆ యోగం లేదు. ఆ పేర్లతో ఇప్పుడు కార్లే తయారుకావడం లేదు.

షెడ్డులో మొదటి నెల

ఉత్తర కోల్‌కతా పాత ఇళ్లకు ముందు భాగంలో 'గాడీ బారాందా' ఉంటుంది. బండి వచ్చి ఆగడానికి కట్టిన పోర్టికో. అది ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఎందుకంటే అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు. 1959 నాటి ఇంపాలా పొడవు 5.3 మీటర్లు దాటుతుంది, వెడల్పు 2 మీటర్లు. పైగా విప్పిన కారు బిగించిన కారు కంటే రెట్టింపు చోటు తింటుంది. తలుపులు, సీట్లు, బంపర్లు, మడ్‌గార్డులు ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోకపోతే రెండో నెలకల్లా పడకగదిలో రేడియేటర్ చేరుతుంది.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన కారును ఉత్సాహం కొద్దీ వెంటనే స్టార్ట్ చేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. పెట్రోలు ఇంజినైతే ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో పలచటి నూనె పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. కదలకపోతే మళ్లీ నానబెట్టాలి.

పానాల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. అమెరికా కార్ల బోల్టులు అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మన ఇళ్లలో దొరికే 13 నంబర్ పానా దానికి కాస్త వదులుగా పడుతుంది. తుప్పు పట్టిన బోల్టు మీద గట్టిగా తిప్పితే పానా జారి, బోల్టు తల అంచులు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత దాన్ని విప్పడానికి గ్యాస్ కట్టర్ కావాలి. కొనాల్సిన మొదటి వస్తువు అంగుళాల పానాల సెట్టే. విప్పే ప్రతి భాగానికీ ఫొటో తీయాలి, చీటీ కట్టాలి. ఏడాది తర్వాత ఆ బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

కోల్‌కతా వాన, తుప్పు

విశాఖవాసులకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గాలిలో తేమ ఉన్న ఊళ్లో ఇనుము నిలవదు. కోల్‌కతాలో దానికి తోడు నీళ్లు నిలబడతాయి. ఠంఠనియా, కాలేజ్ స్ట్రీట్ ప్రాంతాల్లో గట్టి వాన పడితే మోకాలి లోతు నీరు. ఆ వీధుల్లో బతికిన కారుకు ఫ్లోర్ రేకు, తలుపుల కింది పెట్టె భాగాలు, డిక్కీ అడుగు పోయే ఉంటాయి. పైకి అది కనిపించదు, పుట్టీ కప్పేస్తుంది. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి బాడీ మీద ఆనిస్తే ఎక్కడ అంటుకోదో అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది.

ఆనాటి చాలా అమెరికా కార్లకు ఛాసిస్ వేరు, బాడీ వేరు. ఛాసిస్ గట్టిగా ఉంటే బాడీని ముక్కలుగా కోసి కొత్త రేకు అతకొచ్చు. కోల్‌కతాలో ఈ పని చేసే డెంటింగ్ మిస్త్రీలు ఇంకా ఉన్నారు. కొత్త కార్ల వర్క్‌షాపుల్లో దెబ్బతిన్న భాగాన్ని మార్చేస్తారు. రేకును సుత్తితో కొట్టి వంపు తెచ్చే చెయ్యి వేరు.

పెయింట్ పనికి వానాకాలం పనికిరాదు. తేమలో కొట్టిన లక్కర్ పెయింట్ ఆరేటప్పుడు తెల్లగా పాలిపోతుంది. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇంజిన్, బ్రేకులు, వైరింగ్ చూసుకుని, చలికాలం దాకా రంగు డబ్బా తెరవకపోవడం మంచిది. వింటేజ్ ర్యాలీలూ చలికాలంలోనే జరుగుతాయి. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో మొదలుపెట్టి తర్వాత కోల్‌కతాకూ తెచ్చిన ర్యాలీ వీటిలో పేరున్నది. ఆ తేదీ అందుకోవాలని తడి ఆరని బాడీ మీద రంగు కొట్టించిన వాళ్లకు మరుసటి వానాకాలంలో బుడగలు కనిపిస్తాయి.

ఇంట్లో కాని పని

ఇక ఇంజిన్. అసలు ఇంజిన్ ఉన్నా, మరోచోట సంపాదించినా ఒక పని మాత్రం ఇంట్లో కాదు. 1937 నుంచి 1953 దాకా వచ్చిన షెవ్రోలే 216 ఘనపు అంగుళాల ఇంజిన్‌నే తీసుకోండి. ఇప్పటి ఇంజిన్లలో బేరింగ్ అరిగితే పాతది తీసి కొత్త షెల్ పెడతారు. ఇందులో కనెక్టింగ్ రాడ్‌కు షెల్ ఉండదు. తగరం ఎక్కువగా ఉండే వైట్ మెటల్‌ను కరిగించి నేరుగా రాడ్‌లోనే పోస్తారు. అది గట్టిపడ్డాక లేత్ మీద కొలతకు తొలుస్తారు. పోసేటప్పుడు వేడి తగ్గినా, రాడ్ శుభ్రంగా లేకపోయినా లోహం పట్టు పట్టదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక టకటకమనే చప్పుడు మొదలవుతుంది.

ఈ విద్య తెలిసిన మెషిన్ షాపుల మీదే ఇలాంటి ఇంజిన్ భవితవ్యం ఆధారపడి ఉంది. క్రోమ్ అయితే మళ్లీ వేయించవచ్చు, రబ్బరు అమెరికా నుంచి తెప్పించవచ్చు. వైట్ మెటల్ పోసే మిస్త్రీని పార్సిల్‌లో తెప్పించలేం.

ఇంజినే లేనివాళ్లకు మాత్రం ఓ దారి ఉంది. షెవ్రోలే లారీల్లోనూ ఇవే ఆరు సిలిండర్ల ఇంజిన్లు వాడారు. పార్క్ స్ట్రీట్, ఏజేసీ బోస్ రోడ్డు కలిసేచోట ఉండే మల్లిక్ బజార్ పాత వాహనాల విడిభాగాలకు పేరుపడ్డ చోటు. అక్కడి దుకాణదారులకు చెప్పి పెట్టి, ఓపికగా తిరిగితే లారీ ఇంజిన్ దొరకొచ్చు. బేరం ఆడే ముందు ఇంజిన్ మీద అచ్చుపోసిన నంబర్లు చూడండి. పైన ఉన్న కొత్త రంగును నమ్మకండి.

వైరింగ్‌లో ఒక్క మాట. షెవ్రోలే 1955లో, ఫోర్డ్, క్రైస్లర్ 1956లో 12 వోల్టులకు మారాయి. అంతకుముందు కార్లు 6 వోల్టులవి. 36 వాట్ల బల్బుకు 12 వోల్టుల్లో 3 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల్లో 6 కావాలి. అందుకే వాటికి లావు వైర్లు ఉండాలి. మధ్యలో ఎవరో సన్న వైర్లు వేసేసి ఉంటే స్టార్టర్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, తప్పంతా బ్యాటరీ మీద పడుతుంది.

బ్రేకుల దగ్గర మాత్రం పొదుపు వద్దు. ఆ కాలపు కార్లలో మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఎక్కడ ఒక గొట్టం పగిలినా పెడల్ నేలకు తగులుతుంది. పాత గొట్టాలు బాగున్నట్టు కనిపించినా అన్నీ మార్చాల్సిందే.

పెట్రోలు కూడా మారిపోయింది. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. వాల్వ్ సీట్లు త్వరగా అరగకుండా కాపాడింది ఆ సీసమే. తల విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకుంటే ఆ బెడద పోతుంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునేవి వేసుకోవాలి. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో పెట్రోలు ఉంచకూడదు.

కాగితం ఏం చెబుతోంది

2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన భాగం ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడే వాహనమే వింటేజ్. అది అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. రాష్ట్రం వేసిన కమిటీ తనిఖీ చేసి తేలుస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకుంటే 5,000. కొత్తవాటికి 'వీఏ' అక్షరాలున్న నంబర్ ఇస్తారు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నవాటికి పాత నంబర్ ఉంచుతారు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీబీ నంబర్ల మీద మమకారం ఉన్న కోల్‌కతా కుటుంబాలకు ఇది ఊరటే.

వింటేజ్ ముద్ర పడ్డాక ఆ కారులో రోజూ బజారుకు వెళ్లడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు... ఇలాంటి పనులకే రోడ్డెక్కాలి. అలా వద్దనుకుంటే మామూలు ప్రైవేటు కారుగానే ఉంచి, తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి ఆర్సీ పునరుద్ధరించుకోవచ్చు. ఆదివారం గంగ ఒడ్డుకు షికారు వెళ్లాలనుకునేవాళ్లు ఆ రెండో దారి గురించి ఆలోచించడం మంచిది.

చిక్కంతా డీజిల్ వేసిన కార్లతోనే. ఆర్సీలో ఇంధనం డీజిల్ అని, ఇంజిన్ నంబర్ పెర్కిన్స్‌ది అని రాసి ఉంటుంది. ఇప్పుడు లారీ నుంచి తెచ్చిన 216 ఇంజిన్ వేస్తే రకం సరిపోతుంది, నంబర్ మాత్రం పుట్టినప్పటిది కాదు. ఆ కారు అసలు రూపానికి తిరిగొచ్చినట్టా, మరోసారి మార్చినట్టా? నిబంధన పదాలు దీనికి సూటిగా జవాబు చెప్పవు. కమిటీ ఎలా చదివితే అలా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పును ఆర్సీలో నమోదు చేయించకపోతే అసలుకే మోసం.

అసలు కార్లకే గౌరవం దక్కాలన్న ఉద్దేశం సరైనదే. నకిలీ వింటేజ్‌లు పుట్టకుండా అడ్డుకోవాలి. కానీ యాభై ఏళ్ల కిందట పెట్రోలు ఖర్చు భరించలేక చేసిన మార్పును, నిన్న మొన్న అలంకారం కోసం చేసిన మార్పును ఒకే గాటన కట్టడం న్యాయంగా లేదు. పాత మార్పును సరిదిద్దుకునే వాళ్లకు స్పష్టమైన దారి నిబంధనల్లోనే ఉంటే బాగుండేది.

అప్పటిదాకా షెడ్డులో పని మొదలయ్యేది పానాతో కాదు. ముందు ఆర్సీ తీయండి. ఛాసిస్ మీది నంబర్, ఇంజిన్ మీది నంబర్, కాగితంలో ఉన్నవీ పోల్చి ఫొటోలు తీయండి. కారు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో, ఏం మార్చాలనుకుంటున్నారో రాసి రవాణా శాఖకు ఇచ్చి, జవాబు రాతపూర్వకంగానే తీసుకోండి. డీజిల్ ఇంజిన్ దింపాక, చోటు లేదని దాన్ని మల్లిక్ బజార్‌లో తూకానికి అమ్మేయకండి. కొత్త ఆర్సీ చేతికి వచ్చేదాకా అది షెడ్డులో ఓ మూల ఉండాల్సిందే.