దారి చూపు చిన్న మాట

విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద రెండు జాతీయ రహదారులు కలియుచున్నవి. ఒకటి చెన్నై, కలకత్తా నగరములను కలుపు 16వ రహదారి. రెండవది పుణే నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నము చేరు 65వ రహదారి. 2020లో అచ్చట మొదటి పైవంతెన తెరువబడినది. ఏలూరు నుండి వచ్చి నేరుగా గుంటూరు పోవువాడు వంతెన నెక్కవచ్చును. మచిలీపట్నము పోవలసినవాడు క్రిందనే సాగి మలుపు తిరుగవలెను. ఆ సంగతి తెలుపు పలక వంతెనకు ముందే యుండవలెను. ఎక్కిన పిదప కనబడు పలక ఎంత అందముగా నున్నను ప్రయోజనము లేదు.

మన చేతిలోని మొబైలు ఫోను తెరయును ఇట్టి కూడలియే. అందలి ప్రతి గుర్తును ఒక్కొక్క దారికి మొదలు. ఏ గుర్తు దేనికో తెలియనివానికి ఆ చోటనే, ఆ క్షణముననే చిన్న మాటతో దారి చూపు ఉపాయ మొకటి కలదు. దానిని టూల్‌టిప్ అందురు.

1991లో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్ల సిస్టమ్ 7 నందు 'బెలూన్ హెల్ప్' అను సహాయమును చేర్చెను. తెరపై బాణమును ఒక గుర్తు మీద నిలిపినచో, బొమ్మల కథలలో మాటలుండు బుడగ వంటిది కనబడి, ఆ గుర్తు పనిని తెలుపుచుండెను. ఫోనులో బాణము లేదు. వ్రేలు తాకినంతనే పని జరిగిపోవును. అందుచే గుర్తును కొంతసేపు అదిమిపట్టినచో దాని పేరు కనబడు ఏర్పాటును 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నందు చేర్చిరి. అయితే అదిమిపట్టవలెనని తెలియనివాని గతి యేమి? ముఖ్యమైన మాట అడుగకయే కనబడవలెను.

2016లో మన దేశమున యూపీఐ చెల్లింపులు మొదలైనవి. పటమట రైతుబజారులో కూరగాయలమ్ము ఒక వృద్ధునకు, "మీకు ధనము పంపుచున్నాను, మీ పిన్ నొక్కుడు" అని యొక మోసగాడు ఫోను చేసెననుకొనుడు. ధనము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. ఆ సంగతి ఎచ్చటనో నియమావళిలో నున్న నతనికేమి లాభము? పిన్ నొక్కు గడి ప్రక్కనే, "ఇది నొక్కినచో మీ ఖాతా నుండి సొమ్ము పోవును" అని తెలుగులో నున్నచో, అతని వ్రేలు ఆగును. ఆ యొక్క వాక్యము ఒక దినపు సంపాదనను కాపాడును.

ఇట్టి సూచనకు కొన్ని లక్షణములు కావలెను. అది పొట్టిగా నుండవలెను. తాను వివరించు గుర్తును తానే కప్పివేయరాదు. చదివిన పిదప సులభముగా తొలగవలెను. తెలుగు అక్షరములకు క్రింద ఒత్తులుండును గనుక పంక్తికి తగినంత ఎత్తు నీయవలెను. లేనిచో 'వద్దు' అను మాట 'వదు' అయి కూర్చుండును. చూపు లేనివారికి తెరను చదివి వినిపించు సాధనములు కలవు. వారికై ప్రతి గుర్తునకును పేరు వ్రాసియుంచవలెను. అడుగడుగున సూచనలు క్రమ్ముకొన్నచో మాత్రము ఎవరును చదువరు. గుర్తే స్పష్టముగా నున్నచోట మాట అనవసరము.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు యాప్‌లను రచింపగలరు. అప్పుడు మీ అమ్మమ్మ చేతికి ఫోను నిచ్చి, ఏమియు చెప్పక, ఆమె వ్రేలిని గమనింపుడు. అది ఎచ్చట తడబడునో అచ్చటనే మీ మాట కావలెను.