తాతకు వినిపించని టిక్కు టిక్కు

విద్యార్థి సంఘం మిత్రులు ఈ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాసిమ్మన్నప్పుడు అంతరిక్షం మీదనో అణుశక్తి మీదనో రాద్దామనుకున్నాను. కాని నిరుడు దసరా సెలవులకు మా ఊరు నెక్కొండ పోయినప్పుడు జరిగిన సంగతి నన్ను వదలడం లేదు. విషయం చిన్నదే. కారులో ఇండికేటరు వేస్తే లోపల వచ్చే చప్పుడు గురించి.

మా తాతకు డెబ్బై నాలుగేండ్లు. చాలా కాలం అంబాసిడర్ నడిపిన మనిషి. దాన్ని అమ్మేసి ఇప్పుడొక చిన్న కారు నడుపుతున్నాడు. ఆ రోజు నర్సంపేట రోడ్డు మీద ఒక ట్రాక్టరును దాటడానికి కుడి ఇండికేటరు వేశాడు. దాటిన తర్వాత తీసెయ్యలేదు. పక్కన కూర్చున్న నా చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి, నేనూ చూడలేదు. కొంత దూరం పోయాక అంగడి ముందర ఆపడానికి కారును ఎడమకు తిప్పాడు. వెనుక మోటారు సైకిలు మీద వస్తున్న అబ్బాయి, కారు కుడికి పోతున్నదనుకొని ఎడమ పక్కనుంచి దూరాడు. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది, అదృష్టం.

ఇంట్లో పెద్ద పంచాయితీ. మా బాపు కారు తాళాలు బీరువాలో పెట్టేశాడు. "నా కండ్లు మంచిగనే కనపడ్తున్నయి గదరా! అది కొట్టుకుంటున్నట్టు నాకు వినపడనే లేదు" అన్నాడు తాత. తాళాలు పోయినందుకన్నా, తన మాట ఎవరూ నమ్మనందుకే ఆయనకు ఎక్కువ బాధ.

మలుపు తిరిగి స్టీరింగు వెనక్కి వచ్చేటప్పుడు ఇండికేటరు కాడ దానంతటదే యథాస్థానానికి వస్తుంది కదా అని మీరడగవచ్చు. నిజమే. కాని ఒక బండిని దాటేటప్పుడు స్టీరింగు తిరిగేది కొంచెమే, ఆ కొంచానికి కాడ పడదు. ఎదుట పచ్చబాణం మినుకుమంటూనే ఉంటుంది, కాని కన్ను రోడ్డు మీద ఉండాలి. ఇక జ్ఞాపకం చేయవలసింది చెవే.

విచిత్రమేమంటే ఈ చప్పుడు డ్రైవరు కోసం పుట్టింది కాదు. మినుకుమనే ఇండికేటర్లు 1939లో అమెరికాలో బ్యూక్ కార్లకు వచ్చాయి. పాతకాలపు ఫ్లాషరులో రెండు లోహాలు అతికించిన పలక ఉండేది. కరెంటు పారితే వేడెక్కి వంగుతుంది, వలయం తెగుతుంది. చల్లారితే మళ్ళీ తగులుతుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్లు. ఆ తగలడం, విడవడంలో పుట్టేదే టక్కు టక్కు. ఇప్పటి చాలా కార్లలో ఆ పలకా లేదు, రిలే కూడా లేదు. చప్పుడును ఒక చిన్న స్పీకరు అనుకరిస్తుంది. అంటే దాన్ని ఎట్లా కావాలంటే అట్లా మలచవచ్చు. అయినా పలుచగా, నాజూగ్గా చేసి పెట్టారు!

ఇక చెవి సంగతి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు కర్ణావర్తం ఉంది. అందులోని సన్నని రోమకణాలు ధ్వనిని పట్టుకుంటాయి. ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనులను పట్టే కణాలు గుల్ల మొదట్లో ఉంటాయి, వయసుతో ముందుగా దెబ్బతినేవి అవే. మా తాత గూడ్సు బండి రొదను మాకంటే ముందే వింటాడు, చేతి గడియారం అలారం మాత్రం వినడు. నాయనమ్మ "పిలిస్తే పలుకడు" అని తిడుతుంది. పాపం, ఆయనకు పిలుపు వినపడుతుంది, అందులో స, శ, త వంటి అక్షరాలే జారిపోతాయి.

ఇదంతా నాకు ముందు తెలియదు. ఊళ్ళో మెకానిక్ అన్న దగ్గర మోటారు సైకిలుకు పెట్టే పీపీ బజర్ ఒకటి తెచ్చి పెట్టించాను. మాకందరికీ తలనొప్పి లేచింది, తాత మాత్రం "పెట్టినవారా?" అనడిగాడు! అప్పుడు సెల్‌ఫోనులో స్వరాలు పుట్టించే యాప్ పెట్టి పరీక్షించాను. 500 హెర్ట్జులు, 1000 హెర్ట్జులు చక్కగా విన్నాడు. 4000 దగ్గర నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. చిన్న బజర్లు చాలావరకు 2000 నుంచి 4000 మధ్యనే కూస్తాయి. ధ్వని పెంచితే చాలదా అంటే చాలదు. ముసలి చెవికి చిన్న చప్పుడు అసలు వినపడదు, కొంచెం పెంచితే ఒక్కసారిగా కర్ణకఠోరమవుతుంది. అమెరికాలో అగ్నిప్రమాద నివారణ సంఘం వారు, వినికిడి తగ్గినవాళ్ళు పడుకునే గదుల్లో పొగ హెచ్చరికకు కీచుగొంతు పనికిరాదని, 520 హెర్ట్జుల ధ్వనిని నియమంగా పెట్టారు. మరీ కిందికి దిగినా లాభం లేదు, టైర్ల రొద అక్కడే ఉండి మింగేస్తుంది.

చివరికి చేసింది ఇది. ఒక 12 వోల్టుల రిలేను పలుచని చెక్కపెట్టె మీద బిగించి డ్యాష్‌బోర్డు కింద పెట్టాం. కుడి దీపాల తీగనుంచి ఒకటి, ఎడమ దీపాల తీగనుంచి ఒకటి డయోడ్ల ద్వారా దానికి కలిపాం. డయోడ్లు మరిస్తే ఎటు వేసినా రెండు పక్కలా వెలుగుతాయి. మొదట మాకదే జరిగింది. 21 వాట్ల దీపం 1.75 ఆంపియర్లు తీసుకుంటే, రిలే అందులో పదోవంతు కూడా తీసుకోదు. కంప్యూటరు అదుపులో దీపాలున్న కార్లలో మాత్రం తీగలు తెలిసినవాళ్ళే ముట్టాలి, గ్యారంటీ ఉన్న బండైతే అసలే ముట్టవద్దు.

రిలే కొట్టుకుంటే పెట్టె "టక్కు, టక్కు" మంటుంది. తాత ఇండికేటరు వేసి, చెవి ఒగ్గి విని, "గిది మన అంబాసిడరు!" అన్నాడు. బాపు తాళాలిచ్చాడు, పగటిపూట ఊళ్ళోకే అన్న షరతు మీద. నర్సంపేట దాకా పోనియ్యాలని తాత ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. గుంతలకు పెట్టె మరలు వదులవుతున్నాయట, ఈసారి పోయినప్పుడు రబ్బరు వాషర్లు తెమ్మన్నాడు.