వర్ణచిత్ర పునరుద్ధరణము: అభిమానుల ఉత్సాహము, పరిష్కర్త ధర్మము

ప్రాచీన కావ్యముల తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, పాఠనిర్ణయము చేయుట తెలుగు శాఖలకు చిరపరిచితమైన పని. అట్టి పనియే నేడు చలనచిత్రముల విషయమున జరుగుచున్నది. అయితే దానికి ప్రేరకులు పండితులు గారు, అభిమానులు. 2022 ఆగస్టు 9న, మహేశ్‌బాబు జన్మదినమున, 'పోకిరి' (2006) 4కె రూపమున మరల ప్రదర్శింపబడినది మొదలు ఈ యుత్సాహము వెల్లువయైనది. 2023 మే 31న కృష్ణ జయంతికి 'మోసగాళ్ళకు మోసగాడు' (1971), 2025 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990) వచ్చినవి. ఇస్మాయిల్‌ఖాన్‌పేట మొదలు పటాన్‌చెరు వఱకు కర్మాగారములలో పనిచేయు యువకుల మాటలలోను ఈ ప్రస్తావన వినవచ్చుచున్నది. "ప్రింటు బాగున్నది" అని వా రన్నచో రంగులు మెఱయుచున్నవని యర్థము. మా సందేహ మిచ్చటనే ప్రారంభమగుచున్నది.

వర్ణచిత్రము నశించు విధమును ముందు తెలిసికొనవలెను. నలుపు తెలుపు ఫిల్మున బొమ్మను నిలుపునది వెండి. వర్ణఫిల్మును కడుగునపుడు వెండి తొలగింపబడును. మిగులునవి మూడు పొరలలోని మూడు అద్దకపు రంగులు మాత్రమే. ఇవి చీకటి డబ్బాలో నున్నను క్రమముగా వెలిసిపోవును. వేడియు తేమయు తోడైనచో మఱింత వేగముగా వెలియును. 1980లకు పూర్వపు ప్రింట్లలో తఱచుగా మొదట పోవునది నీలము. అందుచేతనే వానిలో ఆకసము, అడవి, ముఖము అన్నియు గులాబి వన్నెకు తిరుగును. అమెరికా దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ 1980 ప్రాంతమున ఉద్యమము సాగించినది ఈ నష్టమును గూర్చియే. తాళపత్రమును చెద తినిన చోట ఖాళీ కనబడును. ఫిల్మున ఖాళీ కనబడదు, వేఱొక రంగు కనబడును. చూపరి లుప్తపాఠమునే మూలపాఠముగా భ్రమించును.

ఇక పునరుద్ధరణ మను నొక్క పేరుతో పలు పనులు వ్యవహరింపబడుచున్నవి. కె.వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వచ్చిన 'మాయాబజార్'కు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులు వేయించి 2010 జనవరి 30న విడుదల చేయగా జనులు మిక్కిలి యాదరించిరి. మూలమున ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడలతోనే వెన్నెల కాయించెను. శశిరేఖ చీర యే రంగుదో ఆ ఫిల్ము చెప్పదు. చెప్పినది చిత్రకారుల యూహ. అది పరిష్కరణము గాదు, వ్యాఖ్యానము. ఆ కృషిని మేము నిందించుట లేదు. పేరు వేఱుగా నుండవలె ననుచున్నాము. 'జగదేకవీరుడు' 3డి రూపమునను వచ్చినది. అది ప్రక్షిప్తమే, కాని ప్రక్షిప్తమని చెప్పుకొనియే వచ్చినది గనుక మోసము లేదు. మోసమున్నది చెప్పకుండ చేయు మార్పులందే: నేటి రుచికి తగినట్లు రంగు పెంచుట, ఫిల్ము రేణువులను తుడిచివేసి ముఖములను మైనపు బొమ్మలు చేయుట. 4కె యనునది స్పష్టతకు కొలత, తెఱ యడ్డమునకు సుమారు నాలుగువేల బిందువులు. రంగు సత్యమో కాదో యనుటకు అది సాక్ష్యము గానేరదు.

'లవకుశ'ను తీసికొందము. 1963 మార్చి 29న వెలువడిన యీ చిత్రము తెలుగున మొదటి పూర్తి వర్ణచిత్రము. 1958లో ఆరంభమై, ధనాభావముచే నిలిచి, సి. పుల్లయ్య అస్వస్థుడు కాగా కుమారుడు సి.ఎస్. రావు చేత పూర్తియైనది. అట్టి చిత్రమున ముందు వెనుకల భాగముల వన్నెలలో భేదము కనబడినచో దానిని సమము చేయవచ్చునా? భాస్కర రామాయణము పలువురి చేతి రచన యని యెఱిగిన పరిష్కర్త కాండలన్నింటిని ఒకే శైలికి దిద్దడు గదా. ఏ భేదము కాలముచే వచ్చినదో, ఏది నిర్మాణముననే యున్నదో నెగెటివును, వేర్వేరు ప్రింట్లను పోల్చి తేల్చవలెను. బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించినది ఇందుకే.

ప్రతులు నిలిచియున్ననే పోల్చుట సాధ్యము. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది మొదలగువాని విత్తనపు నమూనాలను లక్షకు పైగా శీతలాగారమున దాచుచున్నది. దీర్ఘకాలపు నిలువకు మైనస్ 20 డిగ్రీలు. వర్ణ నెగెటివునకు కావలసినదియు ఇట్టి చల్లదనము, పొడితనమే. స్కాను చేసిన పిదప నెగెటివు అక్కఱలేదనుట, గ్రంథము అచ్చు కాగానే తాళపత్రమును పొయ్యిలో వేయుట వంటిది. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964 నుండి కలదు; 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు హైదరాబాదున శిక్షణశిబిరము నడపిరి.

అభిమానులు చేయగల పనియు నొకటి కలదు. పూర్వము సినిమాహాళ్ల వద్ద పాటల పుస్తకములు అణాలకు, పైసలకు అమ్మబడెడివి. వానిలో కథాసంగ్రహము, పాటలు, తారాగణము ఉండును. నేటి ప్రతిలో ఏ పాట లోపించినదో చెప్పుటకు వీనికంటె మంచి సాక్ష్యము అరుదు. రంగు విషయమున ముదుసలి ప్రేక్షకుని జ్ఞాపకమును మేము నమ్మము. దృశ్యముల వరుసను గూర్చిన యతని మాటను మాత్రము వ్రాసికొందుము. పరిశోధక విద్యార్థులు సంగారెడ్డి పరిసర గ్రామములలో నిట్టి పుస్తకములు దొరకినచో, అట్టపై పేరు చినిగినవైనను, విడువక తీసికొనిరావలెను.