కొన్న మెరిట్, కష్టపడ్డ మెరిట్

రిజర్వేషన్ల మాట ఎత్తితే చాలు, 'మరి మెరిట్ ఏమైపోవాలి?' అని అడిగేవాళ్లు కాలేజీల్లో ఇప్పటికీ ఉన్నారు. 1990లో, మండల్ రోజుల్లో, అగ్రవర్ణ విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపింది ఈ మెరిట్ పేరుతోనే. ఆ పనులు ఎవరికి రాసిపెట్టినవని వాళ్ల ఉద్దేశమో వేరే చెప్పక్కర్లేదు. అదే మెరిట్‌ని డబ్బు పెట్టి కొంటే మాత్రం అంత గోల వినపడదు. ఎందుకని? దీన్ని విప్పి చూడ్డానికి ఒక కంప్యూటర్ ఆట పనికొస్తుంది.

ఐస్‌లాండ్ కంపెనీ ఒకటి 2003లో 'ఈవ్ ఆన్‌లైన్' అనే ఆట పెట్టింది. అందులో మన పాత్రకి నైపుణ్యం పెరగాలంటే నిజమైన కాలం గడవాలి. రోజులు, నెలలు, ఏళ్లు. ఎంత తెలివైనవాడైనా నిన్న చేరినవాడు మొదట్లో చేరినవాణ్ణి పాయింట్లలో అందుకోలేడు. 2016 ఫిబ్రవరిలో కంపెనీ ఒక మార్పు తెచ్చింది. ఒక ఆటగాడు తన పాత్ర నుంచి 5 లక్షల నైపుణ్య పాయింట్లు బయటికి తీసి, సూదిమందులాగా సంతలో అమ్ముకోవచ్చు. కొన్నవాడు పొడుచుకుంటే ఆ నైపుణ్యం వాడిదైపోతుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఈ పాయింట్లు గాల్లోంచి ఊడిపడవు. ఎవడో ఒకడు కాలం ఖర్చుపెట్టి సంపాదించినవే. రెండు, మందు అందరికీ ఒకేలా ఎక్కదు. 50 లక్షల పాయింట్ల లోపు ఉన్నవాడికి 5 లక్షలూ దక్కుతాయి. 8 కోట్లు దాటినవాడికి అదే సూదితో లక్షన్నరే. వ్యాపారం కోసం పెట్టిన ఆటకి కూడా, ముందున్నవాడికి తక్కువ, వెనకొచ్చినవాడికి ఎక్కువ అనే ఈ మాత్రం న్యాయం తెలిసింది. అయినా సూది కొనడానికి డబ్బుండాలి కదా!

ఇప్పుడు మన సీట్ల సంతకి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో కేపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల సీట్లని సగం ఫ్రీ, సగం పేమెంట్ అని పంచింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ పద్ధతిని కొట్టేసింది. 2005లో ఇనాందార్ తీర్పు, ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీల మీద ప్రభుత్వం రిజర్వేషన్లు రుద్దకూడదంది. 15 శాతం దాకా ఎన్నారై సీట్లని మాత్రం ఒప్పుకుంది. రిజర్వేషన్లకి దారి మళ్లీ తెరవడానికి 93వ రాజ్యాంగ సవరణ కావలసి వచ్చింది.

2023లో రాష్ట్రంలో తెరిచిన 5 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోనే సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకి ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటుకి 20 లక్షలు ధర కట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో ఖాళీ సీట్లు నింపడానికి పి.జి. నీట్ అర్హతని సున్నా పర్సంటైల్‌కి దించారు. విద్యార్థి సంఘాలు ఫీజుల మీద ఆందోళన చేశాయి. కానీ మెరిట్ చచ్చిందని బూట్లు పాలిష్ చేసిన దృశ్యం మేము చూడలేదు.

ఈ ధరని అనంతపురం నుంచి చూడండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వానపడే నేల. చెనిక్కాయ పంట పోయిన ఏడు అమ్మానాన్నలు బెంగుళూరికి వలసపోతే, పిల్లోడు అవ్వ దగ్గరో హాస్టల్లోనో ఉండి చదువుకుంటాడు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. 2023-24లో రాష్ట్రంలో ఆ కూలి రోజుకి 272 రూపాయలు. 100 రోజులూ పని దొరికినా 27,200. ఒక్క ఏడాది సీటు ఖరీదు 12 లక్షలంటే ఆ తల్లి 44 ఏళ్లు మట్టి మొయ్యాలి. తినకుండా, కట్టకుండా!

ఆలస్యంగా చేరినవాణ్ణి ముందుకు తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి అమ్మడం, రెండోది హక్కుగా ఇవ్వడం. తరాల తరబడి అక్షరం దగ్గరికి రానివ్వకుండా మనల్ని ఆలస్యం చేసింది కులమే. రిజర్వేషన్ ఆ రెండో దారి. అది డిగ్రీ ఇవ్వదు, తలుపు మాత్రమే తెరుస్తుంది. లోపలికెళ్లాక పరీక్ష అందరికీ ఒకటే, పాస్ మార్కులూ ఒకటే.

కాబట్టి ఈసారి క్లాసులో ఎవరైనా మెరిట్ మాటెత్తితే తలొంచుకోవద్దు. తిరిగి అడగండి: అది ఎవరి కష్టంతో వచ్చింది? ఎంతకి కొన్నారు?