నడుమ 385 కిలోమీటర్లు

కెనడాకు ఉత్తరపు కొసన, ఎల్స్‌మీర్ దీవి దక్షిణ తీరంలో, కొండలకూ సముద్రానికీ మధ్య మిగిలిన ఇరుకు నేల మీద గ్రీస్ ఫియోర్డ్ ఉంది. 2021 జనాభా లెక్కల్లో అక్కడ 144 మంది. దగ్గరి ఊళ్లలో ఒకటి కార్న్‌వాలిస్ దీవి మీది రెజల్యూట్. జనం 183 మంది. ఆకాశమార్గంలో ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 385 కిలోమీటర్లు. రోడ్డు లేదు. సరుకుల ఓడ వేసవిలో ఏడాదికోసారి వస్తుంది. మిగతా కాలమంతా ట్విన్ ఓటర్ అనే చిన్న విమానమే దిక్కు.

ట్విన్ ఓటర్ 1965లో తొలిసారి ఎగిరింది. మహా అయితే ఇరవై మంది లోపే పడతారు, వేగమూ తక్కువే. అయినా కొండ పక్కనున్న కురచ కంకర రన్‌వే మీద దిగగలదు. జెట్ విమానాలకు అది సాధ్యం కాదు. వాతావరణం అనుకూలిస్తే గంటన్నర ప్రయాణం. పొగమంచు కమ్మినా, గాలి ఎదురు తిరిగినా రోజుల తరబడి ఎదురుచూడాల్సిందే.

దూరాభారం ఉత్తర ధ్రువ ప్రాంతమంతటా ఉన్నదే. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం మాత్రం ప్రభుత్వం పెట్టింది. 1953లోనూ 1955లోనూ క్యూబెక్ ఉత్తర భాగంలోని ఇనుక్‌జువాక్ నుంచి ఇన్యూట్ ఆదివాసీ కుటుంబాలను ఓడల్లో దాదాపు 2,000 కిలోమీటర్లు పైకి, ఈ రెండు చోట్లకు తరలించారు. అక్కడ వేట పుష్కలమన్నారు. నచ్చకపోతే రెండేళ్లలో తిరిగి రావచ్చన్నారు. అందరం ఒకేచోట ఉంటామనుకుని బయల్దేరినవాళ్లకు, వేర్వేరు చోట్ల దింపుతారన్న సంగతి ఓడ మీదే తెలిసింది. ఆడవాళ్లు ఏడుస్తుంటే వాళ్లతో పాటు కుక్కలూ అరవడం మొదలుపెట్టాయని, పిల్లవాడిగా ఆ ఓడలో ఉన్న జాన్ అమాగోఆలిక్ తర్వాతి కాలంలో సాక్ష్యం చెప్పారు. 1999లో ఏర్పడిన నునావుట్ అనే కెనడా భూభాగానికి పితామహుడిగా పేరొందింది ఆయనే.

దిగినచోట శీతాకాలంలో నెలల తరబడి సూర్యుడు ఉదయించడు. పుట్టినూళ్లో వాళ్లు అలాంటి చీకటి ఎరగరు. తిరిగి తీసుకెళతామన్న మాట దశాబ్దాల పాటు మాటగానే మిగిలింది. కరువు నుంచి కాపాడటానికే తరలించామని ప్రభుత్వం వాదించింది. ఉత్తరాన కెనడా హక్కు చాటడానికి తమను జెండా కర్రల్లా పాతారన్నది ఆ కుటుంబాల మాట. రెండేళ్లకు తిరిగి తేవాల్సిన మనుషులను అక్కడే వదిలేసిన తీరు చూస్తే, నాకు వాళ్ల మాటే నిజమనిపిస్తుంది.

1996లో కోటి డాలర్ల నిధి ఇచ్చారు. క్షమాపణ మాత్రం 2010 ఆగస్టు 18 దాకా రాలేదు. ఆ ఏడాదే రెండు ఊళ్లలోనూ స్మారక శిల్పాలు వెలిశాయి. గ్రీస్ ఫియోర్డ్‌లో లూటీ పిజమిని చెక్కిన తల్లి, పక్కన బిడ్డతో రెజల్యూట్ వైపు చూస్తుంటుంది. రెజల్యూట్‌లో సిమియోనీ అమాగోఆలిక్ చెక్కిన ఒంటరి మగమనిషి గ్రీస్ ఫియోర్డ్ వైపు చూస్తుంటాడు.

ఇప్పటికీ గ్రీస్ ఫియోర్డ్‌లో ఆసుపత్రి లేదు, ఆరోగ్య కేంద్రమే. గర్భిణులు నెలలు నిండకముందే విమానమెక్కి దక్షిణానికి వెళ్లాలి. వైద్యం కోసం చేసే ప్రయాణాల ఖర్చును ప్రభుత్వం భరిస్తుంది. అయినవాళ్లను చూసుకోవడానికి చేసే ప్రయాణానికీ అదే లెక్క వర్తించాలి. ఒక ఇంటివాళ్లను రెండు దీవుల మీద దింపింది ఆ ప్రభుత్వమే కదా.