పలనాటి వీరశిలలు

పలనాటను, తక్కిన తెలుగుసీమలందును ఊరిచివరనో గుడిముంగిటనో కత్తి పట్టిన మూర్తిని చెక్కిన రాయి కానవచ్చును. దానినే వీరగల్లు అందురు. ఆలమందలను మరలించుటకో, ఊరిని కాచుటకో ప్రాణములిడినవానికి నిలిపిన గురుతది. పైభాగమున సూర్యచంద్రులను చెక్కుదురు. వారున్నంతకాలము ఆ కీర్తి నిలువవలెనని భావము.

12వ శతాబ్దమున గురజాల నలగామరాజునకును మాచెర్ల మలిదేవరాజునకును పుట్టిన దాయాదిపోరు కారెంపూడిలో, నాగులేటి యొడ్డున ముగిసినది. అచ్చటి వీరుల గుడిలో మడిసినవారిని నేటికిని శిలారూపముననే కొలుచుచున్నారు. ఏటేట కార్తికామావాస్య మొదలు ఐదునాళ్లు ఉత్సవము జరుగును. అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి బ్రహ్మనాయుడు నడపిన చాపకూడు మందపోరునాడు నేడును సాగుచున్నది.

కొన్ని శిలలపై గాజులు తొడిగిన చేయి యుండును. అది సహగమనము చేసిన యిల్లాలి గురుతు. చెన్నపురి రాజధానిలో ఆ యాచారము 1830లో నిషేధింపబడినది. మగవాని కత్తికి కథలు మిగిలినవి; ఆ చేతికి పలుచోట్ల పేరైనను మిగులలేదు.

సోదరీమణులారా! అట్టి రాయి మీ యూర నున్నచో దానిని గడపరాయిగానో చాకిరేవుబండగానో పోనీయకుడు. పిల్లలకు చూపుడు; పెద్దలు చెప్పు కథను వ్రాసి యుంచుడు. కథ మరచిననాడే యది వట్టిరాయి యగును.