స్కూబా ప్యాకేజీ కొంటున్నారా? తిరుగు ఫ్లైట్ టైం ముందు చూడండి

యూసుఫ్‌గూడ: చెక్‌పోస్ట్ నుంచి కృష్ణానగర్ వైపు నడిస్తే ట్రావెల్స్ షాపుల అద్దాల మీద ఒకప్పుడు ఉమ్రా, దుబాయ్ పోస్టర్లే కనిపించేవి. ఇప్పుడు వాటి పక్కన నీలి సముద్రం, రంగు చేపలు, నోట్లో పైపు పెట్టుకున్న జంట ఫొటోలు వచ్చి చేరాయి. మాల్దీవులు, అండమాన్, బాలి. కాస్త డబ్బున్న వాళ్ల కోసం కరీబియన్ దీవులు కూడా. షాదీ అయిన కొత్త జంటలు, ఐటీలో బోనస్ వచ్చిన కుర్రాళ్లు, అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి అటునుంచి అటు ఏదో ఒక దీవి చూసి రావాలనుకునే తల్లిదండ్రులు, అందరూ అడుగుతున్నది ఒకటే: స్కూబా ఉందా?

ఉందనే చెబుతారు. కానీ ఆ ఒక్క మాట వెనక ఏముందో షాపులో కూర్చున్న అబ్బాయికీ చాలాసార్లు తెలియదు. ఇందులో డబ్బు నష్టం ఒక ఎత్తయితే, ఒంటికి జరిగే నష్టం ఇంకో ఎత్తు.

ముందు ఒక తప్పు దిద్దుకోవాలి. మన టీవీ వార్తల్లో, పేపర్లలో స్కూబా అనగానే 'ఆక్సిజన్ సిలిండర్' అని రాసేస్తారు. అది ఆక్సిజన్ కాదు. మనం పీల్చే మామూలు గాలినే ఎండబెట్టి, సుమారు 200 బార్ల ఒత్తిడితో సిలిండర్‌లోకి ఎక్కిస్తారు. నిజంగా స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టుకుని దిగితే ఆరేడు మీటర్లు దాటాక అదే విషమై మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. నోటికి కావలసినంత గాలిని, ఆ లోతుకు తగిన ఒత్తిడిలో అందించే పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ తయారు చేశారు. ఈ రోజు రుషికొండలో ఇచ్చేదైనా, కరీబియన్‌లో ఇచ్చేదైనా పని చేసే తీరు అదే.

గోలీ సోడా లెక్క

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒత్తిడి ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. పైన 1, పది మీటర్ల లోతులో 2, ఇరవైలో 3. అంటే ఇరవై మీటర్ల దగ్గర ఒక లీటరు ఉన్న గాలి పైకి వచ్చేసరికి మూడు లీటర్లవుతుంది. ఊపిరితిత్తుల్లో ఉన్న గాలికీ ఇదే లెక్క. అందుకే డైవింగ్‌లో మొదటి రూలు, అన్నిటికన్నా పెద్ద రూలు: ఊపిరి బిగపట్టకూడదు. ఈత కొలనులో మనకు అలవాటైన పని సరిగ్గా దానికి ఉల్టా. నీళ్లలో భయం వేస్తే ఎవరైనా ఊపిరి బిగపట్టి పైకి దూసుకొస్తారు. స్కూబాలో అలా చేస్తే నాలుగైదు మీటర్ల లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తులకు దెబ్బ తగలవచ్చు.

ఇక రెండోది నైట్రోజన్. గాలిలో దాదాపు 78 శాతం అదే. పైన ఉన్నప్పుడు అది మనల్ని ఏమీ చేయదు. లోతుకు వెళ్లి ఎక్కువ ఒత్తిడిలో పీల్చినప్పుడు మాత్రం రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరిగిపోతుంది. గోలీ సోడా సీసాలో గ్యాసు కరిగి ఉన్నట్టే. గోలీ లోపలికి నొక్కగానే బుస్సుమని బుడగలు వస్తాయి కదా, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే శరీరంలోనూ అంతే. ఆ బుడగలు కీళ్ల దగ్గర చేరితే నొప్పులు, నరాల దగ్గర చేరితే తిమ్మిర్లు, కాళ్లు పడిపోవడం. దీన్నే డికంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా మెల్లగా పైకి రమ్మంటారు, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమంటారు.

ఇంతవరకూ ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటాడు. అసలు సమస్య నీళ్ల నుంచి బయటికి వచ్చాక మొదలవుతుంది, అప్పుడు మీ పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండడు.

విమానం ఎప్పుడు?

పైకి వచ్చినంత మాత్రాన నైట్రోజన్ పోదు. గంటల తరబడి ఊపిరి ద్వారా కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. ఈలోపు విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది. సోడా సీసా మూత ఇంకోసారి తీసినట్టు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పేది ఇదీ: ఒక్కసారి మాత్రమే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకే రోజు రెండు మూడు సార్లు గానీ వరసగా కొన్ని రోజులు గానీ చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఏకంగా 24 గంటలు అంటారు, అదే మంచిది.

ఇప్పుడు మన ప్యాకేజీల కాగితం తీసి చూడండి. 'నాలుగో రోజు: ఉదయం స్కూబా, మధ్యాహ్నం లంచ్, సాయంత్రం ఎయిర్‌పోర్ట్ డ్రాప్.' చివరి రోజు ఖాళీగా ఉంది కదా అని అందులో కూరేస్తారు. ఇలాంటి కాగితం చేతికి వస్తే అక్కడే పెన్నుతో కొట్టేసి, స్కూబా రెండో రోజుకు మార్చమనాలి. దీనికి పైసా అదనపు ఖర్చు లేదు.

విదేశాలకు వెళ్లని వాళ్లకూ ఇది వర్తిస్తుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు. హైదరాబాద్ వాళ్ల వైజాగ్ వీకెండ్ ఎలా ఉంటుంది? శనివారం పొద్దున రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం కారెక్కి అరకు. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. దారిలో ఘాట్ రోడ్డు ఇంకా ఎత్తుకు వెళ్తుంది. రైలు దారిలో శిమిలిగూడ స్టేషనే దాదాపు 996 మీటర్లు. ఆ 12, 18 గంటల లెక్క విమానానికే కాదు, 2,000 అడుగులు, అంటే సుమారు 610 మీటర్లు దాటే ఏ ఎత్తుకైనా అని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. రుషికొండలో మొదటిసారి దిగేవాళ్లు వెళ్లేది తక్కువ లోతుకే కాబట్టి ప్రమాదం తక్కువే. అయినా రూలు రూలే. మన హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి రైల్లో, బస్సులో తిరిగి రావడానికి ఇబ్బంది లేదు.

డైవ్ చేసిన 24 గంటల్లోపు భుజాలు, మోకాళ్లు నొప్పిగా ఉన్నా, తిమ్మిర్లు, చర్మం మీద మచ్చలు, తల తిరగడం, చెప్పలేనంత నీరసం ఉన్నా 'అలసిపోయాంలే' అని పడుకోకూడదు. ఆసుపత్రికి వెళ్లి మొట్టమొదట చెప్పాల్సిన మాట 'స్కూబా చేశాను' అని. మన దగ్గర డ్యూటీ డాక్టర్‌కు ఈ కేసు ఎప్పుడో గానీ రాదు, చెప్పకపోతే మెడ నొప్పి అనుకుని బిళ్ల రాసి పంపేస్తారు. వెంటనే ఆక్సిజన్ పెట్టాలి, ఆపైన ఒత్తిడి గదిలో చికిత్స చేయాలి.

పోస్టర్ మీద స్కూబా, నీళ్లలో ఏమిటి?

మూడు వేర్వేరు పనులను ఒకే పేరుతో అమ్మేస్తున్నారు. నీటి పైనే తేలుతూ గొట్టంతో గాలి పీలుస్తూ కిందికి చూడటం స్నార్కెలింగ్. తల మీద పెద్ద హెల్మెట్ పెట్టుకుని పైనుంచి పైపుతో గాలి వస్తుంటే ఇసుక మీద నడవడం సీ వాక్. సిలిండర్ వీపున కట్టుకుని స్వేచ్ఛగా ఈదడమే స్కూబా. 2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్‌లో చేసింది స్నార్కెలింగ్. ఆ ఫొటోలు చూసి 'లక్షద్వీప్ స్కూబా' అని బుక్ చేసుకున్న వాళ్లు తక్కువేం కాదేమో.

స్కూబాలోనూ రెండు రకాలు. ప్యాకేజీలో వచ్చేది 'పరిచయ' డైవ్. కాసేపు పాఠం, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ పట్టుకునే తిప్పుతాడు. పాడి సంస్థ రూలు ప్రకారం ఇందులో గరిష్ఠ లోతు 12 మీటర్లు, వయసు కనీసం పదేళ్లు. దీనికి సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ కావాలంటే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది, అప్పుడు 18 మీటర్ల వరకు వెళ్లవచ్చు. ఈ తేడా కరీబియన్‌లో డబ్బు మీద పడుతుంది. అక్కడి రిసార్టులు 'డైవింగ్ ఉచితం' అంటే సాధారణంగా సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే. లేనివాళ్లు అక్కడ డాలర్లలో కోర్సు ఫీజు కట్టాల్సిందే. ఆ కోర్సేదో ముందే పుదుచ్చేరిలోనో, అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లోనో రూపాయల్లో చేసుకుంటే ఆ కార్డు ప్రపంచమంతా చెల్లుతుంది.

దిగే ముందు ఒక మెడికల్ ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, షుగర్, గర్భం, ఇలా ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి 'అవును' అన్నా డాక్టర్ సంతకం కావాలి. బీచ్‌లో అప్పటికప్పుడు డాక్టర్ ఎక్కడ దొరుకుతాడని అన్నిటికీ 'కాదు' అని గీసేస్తుంటారు. కట్టిన డబ్బు పోతుందనే బాధ. ఆ ఫారం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఊరు కదలక ముందే ఫ్యామిలీ డాక్టర్‌కు చూపిస్తే సరిపోతుంది. జలుబు, సైనస్ ఉంటే మాత్రం ఆ రోజు దిగకపోవడమే నయం, చెవి పొర చిరిగిపోయే ప్రమాదం ఉంది.

పర్దా పాటించే మహిళలకు ఒక మాట. ఒళ్లంతా కప్పే వెట్‌సూట్, దాని హుడ్ డైవర్లు మామూలుగా వేసుకునేవే, ప్రత్యేకంగా అడిగామే అనుకోనక్కర్లేదు. మహిళా ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే ముందే చెప్పాలి. గుబురు మీసం ఉన్నవాళ్లకు మాస్క్‌లోకి నీళ్లు కారుతుంటాయి, అది మాస్క్ తప్పు కాదు.

కరీబియన్ లెక్క, మాల్దీవుల లెక్క

కరీబియన్ పేరు మనకు క్రికెట్ వల్ల ఇంట్లో పేరులా మారింది. ఆంటిగ్వా, బార్బడోస్, జమైకా. ఆ చుట్టుపక్కల దీవుల్లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలూ ఉన్నారు. డైవింగ్‌కు మాత్రం పేరున్నవి బొనైర్, కేమన్ దీవులు, మెక్సికోలోని కొజుమెల్, బెలీజ్‌లోని బ్లూ హోల్. 300 మీటర్లకు పైగా వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు ఉన్న ఆ నీలి గుంతకు 1971లో కూస్తో వెళ్లాకే ప్రపంచానికి తెలిసింది. అది మొదటిసారి దిగేవాళ్ల చోటు కాదు.

బార్బడోస్, జమైకాలకు భారతీయులకు వీసా అక్కర్లేదని ఏజెంట్ చెబుతాడు. నిజమే. కానీ హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే, ఎయిర్‌పోర్ట్ దాటకపోయినా అమెరికా వీసా ఉండాల్సిందే. లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా చూసుకోవాలి. అందుకే చేతిలో అమెరికా వీసా ఉన్నవాళ్లకే ఈ ట్రిప్ తేలిక. ఇంకోటి, అక్కడ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. దసరా సెలవులకు రేటు తగ్గిందని మురిసిపోతే అది ఎందుకు తగ్గిందో గుర్తుంచుకోవాలి. 2025 అక్టోబర్ 28న మెలిస్సా తుపాను జమైకాను ఎలా చితక్కొట్టిందో చూశాం. పైగా 'ఆల్ ఇన్‌క్లూజివ్' రేటులో మద్యం ఖర్చు కలిసే ఉంటుంది. తాగని కుటుంబం కూడా ఆ డబ్బు కట్టినట్టే.

మాల్దీవులు దగ్గర, ఎయిర్‌పోర్ట్‌లో దిగాక 30 రోజుల వీసా ఉచితం, తిండి హలాల్. 2020లో కాజల్ హనీమూన్ ఫొటోల తర్వాత ఫిల్మ్‌నగర్ అంతా అక్కడే ఉందా అనిపించింది. కానీ సినిమా వాళ్లు దిగే రిసార్ట్ దీవులు వేరు, మాఫుషి లాంటి జనం ఉండే దీవులు వేరు. రెండో చోట గెస్ట్‌హౌస్‌లు చవక, మద్యం ఉండదు, ఈత దుస్తులకు వేరే బీచ్ కేటాయిస్తారు. మన కుటుంబాలకు అదే కుదురుతుంది. రిసార్ట్‌లో బిల్లు ఇలా పెరుగుతుంది: 100 డాలర్ల మీద సర్వీస్ చార్జి 10, మొత్తం 110 మీద 2025 జులై నుంచి 17 శాతం పన్ను, వెరసి 128 డాలర్ల 70 సెంట్లు. దానికి తోడు గ్రీన్ ట్యాక్స్ మనిషికి రోజుకు 12 డాలర్లు, చిన్న గెస్ట్‌హౌస్‌లో అయితే 6.

ఇక్కడే కట్టే ఇంకో మొత్తం టీసీఎస్. విదేశీ టూర్ ప్యాకేజీ మీద 2025 ఏప్రిల్ నుంచి పది లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం వసూలు చేశారు. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో దీన్ని 2 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. నాలుగు లక్షల ప్యాకేజీకి 20 వేలు కట్టే చోట 8 వేలు. ఇది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. టాక్స్ కట్టేంత ఆదాయం లేదని రిటర్న్ వేయనివాళ్లే దీన్ని వదిలేసుకుంటున్నారు. ప్యాకేజీ ఎవరి పాన్ మీద తీసుకున్నారో కూడా చూసుకోవాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల పేజీలో ఉంటాయి. స్కూబా కవర్ అవుతుందా, ఎంత లోతు వరకు, సర్టిఫికెట్ లేకపోయినా ఇస్తారా, ఈ మూడూ మెయిల్‌లో రాయించుకోవాలి. మెడికల్ ఫారంలో అబద్ధం రాస్తే క్లెయిమ్ పోతుంది.

ఇంత చదివాక స్కూబా అంటేనే భయం వేయనక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 19న గాయకుడు జుబీన్ గార్గ్ సింగపూర్‌లో చనిపోయినప్పుడు తొలి గంటల్లో స్కూబా ప్రమాదమని వార్తలు వచ్చాయి. అది స్కూబా కాదని, లైఫ్ జాకెట్ లేకుండా సముద్రంలో ఈదుతూ మునిగిపోయారని తర్వాత తేలింది. పడవ మీద జాకెట్ తీసేసే అలవాటు మన వాళ్లకూ ఉంది.

పాస్‌పోర్ట్, వీసా ఏదీ లేకుండా మొదటిసారి చూడాలనుకునే యూసుఫ్‌గూడ వాళ్లకు వైజాగే దగ్గర. అక్కడి నీళ్లు మాల్దీవులంత తేటగా ఉండవు, వానాకాలంలో అసలు కుదరదు. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం పొద్దునకు వైజాగ్. శనివారమే అరకు వెళ్లి రావాలి. ఆదివారం ఉదయం రుషికొండలో డైవ్, సాయంత్రం మళ్లీ రైలు.